నాగిరెడ్డిది ఏ పార్టీ?

సంపాదకులకు,

ఏటా జులై 28న కమ్యూనిస్టు విప్లవ నాయకుడు తరిమెల నాగిరెడ్డి వర్ధంతికి వచ్చే వ్యాసాల్లో ఆయన్ని నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ స్థాపించిన సీపీఐ (ఎంఎల్), అంటే మార్క్సిస్టు-లెనినిస్టు పార్టీ, నాయకుడని రాసేస్తున్నారు. నాగిరెడ్డి ఆ పార్టీలో ఒక్కరోజు కూడా లేరు. ఆ పార్టీ పుట్టక ముందే మజుందార్ వర్గం ఆయన కమిటీని బయటికి పంపేసింది.

1968 జనవరిలో పాలకొల్లులో జరిగిన సీపీఎం రాష్ట్ర ప్లీనం (ప్రత్యేక సమావేశం)లో పార్టీ కేంద్ర నాయకత్వం పంపిన సిద్ధాంత ముసాయిదా ఓడిపోయింది. ఏప్రిల్‌లో పార్టీ అఖిల భారత బర్ద్వాన్ ప్లీనం తర్వాత నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య విడిగా రాష్ట్ర విప్లవకారుల సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. మజుందార్ వర్గం నడిపిన విప్లవకారుల అఖిల భారత సమన్వయ కమిటీ 1969 ఫిబ్రవరిలో వాళ్లతో తెగతెంపులు చేసుకుంది. శ్రీకాకుళం గిరిజనుల సాయుధ పోరాటాన్ని సరిగా బలపరచలేదనీ, ఎన్నికల బహిష్కరణను ఒప్పుకోలేదనీ ఆరోపణ. నాగిరెడ్డి ఇంకా ఎమ్మెల్యేగా ఉండటం కూడా తప్పయింది. తీరా చూస్తే మరుసటి నెలలోనే ఆయన రాజీనామా చేశారు! సీపీఐ (ఎంఎల్) పుట్టింది ఏప్రిల్ 22న.

అసలు తగాదా పదవి గురించి కాదు. భూమి సమస్య మీద రైతుకూలీలను కూడగట్టి, ప్రజాసంఘాలు నడుపుతూ, జనం సిద్ధపడ్డాక సాయుధ ప్రతిఘటనకు దిగాలని వీళ్లు. ప్రజాసంఘాలు అక్కర్లేదు, వర్గశత్రు నిర్మూలనే (భూస్వాముల వంటివారిని చంపడమే) దారి అని మజుందార్. 1969 డిసెంబరులో మద్రాసులో నాగిరెడ్డి తదితర నాయకులు అరెస్టయ్యాక ఇదే ప్రశ్న వాళ్ల సొంత ఇంట్లోకీ వచ్చింది. ప్రతిఘటన ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గర పేచీ ముదిరి, 1971లో పుల్లారెడ్డి విడిపోయారు.

1975లో నాగిరెడ్డి, దేవులపల్లి పెట్టినదాని పేరు కూడా గమనించండి. అది పార్టీ కాదు, కమ్యూనిస్టు విప్లవకారుల సమైక్యతా ‘కేంద్రం’ (ఎంఎల్). పార్టీని ఇంకా కట్టాల్సే ఉందన్నది వాళ్ల వాదన. ‘ఎంఎల్’ అన్న రెండక్షరాలు చూసి అందరినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ గందరగోళం. 1980లో కొండపల్లి సీతారామయ్య పెట్టిన పీపుల్స్ వార్ మజుందార్ పార్టీ పాయ. 1983లో ఇల్లెందులో గెలిచిన గుమ్మడి నర్సయ్యది పుల్లారెడ్డి పాయ.

వార్తలో గ్రూపు పేరు, అది చీలిన ఏడాది పక్కపక్కన వేస్తే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది. ఆ పాటి చోటు ఇవ్వండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం