ఉద్దానంలో పాతికేళ్లు ఉండే పరిశోధకులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట మంచినీటి పథకం, డయాలసిస్ పడకలు, పింఛను చుట్టూనే తిరుగుతుంది. అవి అత్యవసరమే. కానీ జబ్బు మూలాన్ని వెతకవలసిన ఎపిడమియాలజిస్టుకు, అంటే జనంలో జబ్బు ఎవరికి, ఎందుకు వస్తోందో పరిశోధించే నిపుణుడికి, ఎలాంటి ఉద్యోగం ఇస్తున్నాం, ఎన్నేళ్లు ఉండనిస్తున్నాం అన్నది చర్చకే రావడం లేదు.

దీర్ఘకాలిక వ్యాధులనూ, వృద్ధాప్యాన్నీ పరిశోధించే పని రెండు మూడేళ్ల ప్రాజెక్టుతో ముగిసేది కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన గుండెజబ్బుల అధ్యయనం 5,209 మందిని చేర్చుకుని, రెండేళ్లకోసారి వారినే మళ్లీ పరీక్షిస్తూ వచ్చింది గనుకనే, అధిక రక్తపోటుకూ కొలెస్ట్రాల్‌కూ గుండెజబ్బుతో ఉన్న సంబంధాన్ని 1961 నాటికి గట్టిగా చెప్పగలిగింది. తొలినాళ్లలోనే అందులో చేరిన డాక్టర్ విలియం కానెల్ 1966లో దానికి డైరెక్టరయ్యారు. అంతదూరం ఎందుకు, హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో 1987–90 మధ్య గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇచ్చిన అదనపు ఆహారం మీద జరిగిన అధ్యయనమే ఉంది. ఆ పిల్లలను 2003–05లో మళ్లీ వెతికి పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడవు పెరగడమే కాక, వారి రక్తనాళాల బిరుసు కూడా తక్కువగా ఉన్నట్లు తేలింది. చిరునామాలు భద్రపరిచినవారు లేకపోతే ఆ ఫలితమే లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు, బీపీ లేనివారికీ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షను ఒక్కసారి చేసినంత మాత్రాన దాన్ని దీర్ఘకాలిక వ్యాధి అనడానికి వీల్లేదు. కనీసం మూడు నెలల పాటు లోపం కొనసాగినట్లు రుజువు కావాలి. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. సర్వే బృందం ఊరికి వచ్చేసరికి జబ్బు ముదిరినవారు కన్నుమూసి ఉంటారు, పని చేయగల వయసువారు విశాఖకో, చెన్నైకో, హైదరాబాద్‌కో వలస పోయి ఉంటారు, ఇంట్లో మిగిలిన పెద్దవారి రక్తమే నమూనాగా వెళుతుంది. అలాంటి లెక్క ఆనాడు ఊళ్లో ఉన్నవారిలో ఎంతమందికి జబ్బు ఉందో చెబుతుందే తప్ప, ఎవరికి కొత్తగా వచ్చింది, అంతకుముందు వారు ఏ నీరు తాగారు, ఎండలో ఎన్ని గంటలు పనిచేశారు, ఏ నొప్పి మాత్రలు వాడారు అన్నవి చెప్పలేదు. పైగా, రక్తం ఇచ్చినవారికి ఫలితం తిరిగి చెప్పకపోతే రెండోసారి ఎవరు చేయి చాపుతారు?

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సామాజిక వైద్య విభాగాలున్నాయి. ఈ మూడుచోట్లా ఎపిడమియాలజిస్టులకూ, గణాంక నిపుణులకూ, క్షేత్ర సిబ్బందికీ ఏడాదేడాదికి పొడిగించే కాంట్రాక్టులు కాక శాశ్వత పోస్టులు మంజూరు చేయాలి. పదోన్నతికి అచ్చయిన వ్యాసాల సంఖ్యనే చూస్తే, మొదటి పదేళ్లూ పేర్లు నమోదు చేయడంలోనే గడిపే పరిశోధకుడు మరో శాఖకు పోతాడు, అందులో అతని తప్పేమీ లేదు. కాబట్టి ఒకే జనాన్ని ఏళ్ల తరబడి వెన్నంటి చూసిన పనికీ మార్కులుండాలి. తొలి నమోదును కవిటి, సోంపేట మండలాల్లో, ఇల్లిల్లూ తెలిసిన ఆశా కార్యకర్తల సాయంతో, వలస వెళ్లినవారి ఫోన్ నంబర్లతో సహా ప్రారంభించవలసిందిగా ఆరోగ్యశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం