ఖాళీ గడిని కొత్త భాష ఎలా చదువుతుంది?

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులోని ఒక సర్వే సంస్థలో పద్నాలుగేళ్లు డేటా విభాగం చూసి, ఇప్పుడు ఇక్కడే ఒక డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను. మా ల్యాబులో ఈ సంవత్సరం నుంచి, డేటా లెక్కలు చేయడానికి వాడే సాస్ అనే కంప్యూటర్ భాష స్థానంలో అదే పని చేసే ఆర్ భాషను ప్రవేశపెడుతున్నాము. ఈ మార్పు రావాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవారిలో నేనూ ఉన్నాను. అయితే ఇలాంటి మార్పులో నాకు స్వయంగా ఎదురైన ఒక ప్రమాదాన్ని, ఇదే దారిలో ఉన్న మన ప్రాంతపు కళాశాలలకూ కార్యాలయాలకూ మీ పత్రిక ద్వారా తెలియజేయడం అవసరమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఎందుకు మారాలన్న దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సాస్ అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో వ్యవసాయ పరిశోధనల లెక్కల కోసం రూపుదిద్దుకుని, 1976లో ప్రత్యేక సంస్థగా వేరుపడింది. నేను పని నేర్చుకున్నది దానితోనే కనుక దాని సత్తాను తక్కువ చేసి మాట్లాడలేను. ఆర్ భాషను న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ తయారుచేసి, 1995లో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. పొన్నూరు నుంచి రోజూ బస్సులో వచ్చే విద్యార్థిని, పొద్దున ల్యాబులో చేసిన లెక్కనే సాయంత్రం ఇంట్లో తన ల్యాప్‌టాప్ మీద, ఎవరికీ చందా కట్టకుండా మళ్లీ చేసుకోగలగడం నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను పనిచేసిన సంస్థ సాస్‌కు ఏటా కట్టే లైసెన్సు రుసుము భారమై ఆర్‌కు మారినప్పుడు, పాత ప్రోగ్రాములను వరుస తరువాత వరుసగా కొత్త భాషలోకి తిరగరాశాము. వాటిలో ఐదేళ్లలోపు పిల్లలు ఎందరో తేల్చే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. వయసు ఐదు కంటే తక్కువైతే లెక్కలో చేర్చు, అంతే దాని సారాంశం. దానికి సాస్ ఎప్పటిలాగే ఒక సంఖ్య ఇచ్చింది. ఆర్ మాత్రం ‘ఎన్ఏ’ (విలువ అందుబాటులో లేదు) అని రెండే అక్షరాలు చూపించి ఊరుకుంది. పక్కన కూర్చున్న కుర్రవాడు, “మేడం, ఆర్ సరిగా ఇన్‌స్టాల్ కాలేదేమో” అన్నాడు. ఖాళీలను వదిలేసి లెక్కించమని ఒక మాట చేరిస్తే సంఖ్య వచ్చింది గానీ, అది సాస్ ఇచ్చినదాని కంటే 23 తక్కువ.

రెండు రోజులు ప్రోగ్రాములోనే తప్పు వెతికి, దొరకక, చివరికి బీరువాలోంచి కాగితపు ఫారాల కట్టలు దించాము. ఆ 23 ఫారాల్లోనూ వయసు గడి ఖాళీగా ఉంది. ఒకదానిలో ఆ గడి పక్కనే పెన్సిల్‌తో “తల్లి పొలానికి వెళ్లింది, మళ్లీ అడగాలి” అని రాసి ఉంది. మళ్లీ అడిగిన గుర్తు ఎక్కడా లేదు.

అంకె లేని గడిని సాస్ ఒక చుక్కగా ఉంచుకుంటుంది. పోల్చవలసి వచ్చినప్పుడు ఆ చుక్కను అన్ని సంఖ్యల కంటే, రుణ సంఖ్యల కంటే కూడా చిన్నదిగా తీసుకుంటుంది. అందువల్ల వయసు తెలియని ప్రతి మనిషీ మా పట్టికలో ఐదేళ్లలోపు బిడ్డ అయిపోయాడు. తెలియని వయసు ఐదు కంటే తక్కువా అని అడిగితే ఆర్ ‘తెలియదు’ అనే చెబుతుంది, ఆ తెలియనితనాన్ని మొత్తం కూడిక దాకా మోసుకువస్తుంది. స్టాటా అనే మరో భాష అదే ఖాళీని అన్ని సంఖ్యల కంటే పెద్దదిగా చూస్తుంది. ఖాళీని అన్నిటికంటే చిన్నదిగా తీసుకునే నియమాన్ని సాస్ మాన్యువల్‌లో స్పష్టంగానే రాశారు. ఖాళీలను ముందే వేరుచేయవలసిన బాధ్యత మాది, దానిని మేము నెరవేర్చలేదు. అంతకుముందు సంవత్సరాల పట్టికలు కూడా అదే ప్రోగ్రాంతో తయారై వెళ్లిపోయాయి. సరిచేసిన పట్టికలు తరువాత పంపించాము. మొదటివాటిని చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారోనన్న బాధ మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇలాంటి తేడాలు ఇదొక్కటే కాదు. 10, 20, 30, 40 అనే నాలుగు అంకెలు ఇచ్చి మొదటి చతుర్థాంశం (అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చి నాలుగు సమభాగాలు చేస్తే మొదటి భాగం ముగిసే చోటు) అడిగితే, వేరే ఏమీ చెప్పకపోతే, సాస్ 15 అంటుంది, ఆర్ 17.5 అంటుంది. చతుర్థాంశం కట్టడానికి ఆర్‌లో తొమ్మిది పద్ధతులు ఉన్నాయి, రెండో పద్ధతి కావాలని అడిగితే అదీ 15 అనే చెబుతుంది. అవే నాలుగు అంకెల క్రమవిచలనం (అంకెలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఆర్‌లో 12.91 వస్తే పైథాన్ అనే మరో భాషలో లెక్కలకు వాడే నంపైలో 11.18 వస్తుంది, ఎందుకంటే మొదటిది అంకెల సంఖ్యలో ఒకటి తగ్గించి మూడుతోనూ, రెండోది తగ్గించకుండా నాలుగుతోనూ భాగిస్తుంది. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ ఏ జవాబు ఏ పద్ధతిలో వచ్చిందో తెలియని విద్యార్థి రెండూ ఒకటేననుకుని ఒకే పట్టికలో పక్కపక్కన రాస్తే అది తప్పవుతుంది. తేదీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సాస్ రోజులను 1960 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది, ఆర్ 1970 జనవరి 1 నుంచి. తేదీని ఉత్త అంకెగా ఒకదానిలోంచి మరొకదానిలోకి తెస్తే 3,653 రోజుల తేడా వచ్చి, 2009లో పుట్టిన పిల్ల 2019లో పుట్టినట్టు కనిపిస్తుంది. ఇంత పెద్ద తేడా అయితే ఎవరో ఒకరి కంట పడుతుంది. మా 23 మంది ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు.

అందుచేత నా విన్నపం ఇది. మారదలచిన కార్యాలయాలు కనీసం ఒక పూర్తి సర్వేకు పాత ప్రోగ్రామునూ కొత్తదానినీ పక్కపక్కన నడిపి, తేడా వచ్చిన ప్రతిచోటా కాగితం దాకా వెళ్లి చూడాలి. లైసెన్సు గడువు తీరకముందే పాత డేటాను, తేదీలను తేదీలుగానే ఉంచి, మామూలు టెక్స్ట్ ఫైళ్లలోకి మార్చుకోవాలి. గడువు దాటాక పాత జవాబు ఎలా వచ్చిందో సరిచూసుకునే దారి ఉండదు. మన విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశాలు నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు, కమాండ్లు కంఠస్థం చేయించే ప్రాక్టికల్స్‌లో కనీసం ఒకటి తగ్గించి, ఒకే డేటాను రెండు భాషల్లో చేసి తేడాకు కారణం రాసే ప్రాక్టికల్ ఒకటి చేర్చాలి. దీనికి కొత్త ఖర్చేమీ అక్కరలేదు, అధ్యాపకులకు వేసవి సెలవుల్లో ఒక వారం శిక్షణ చాలు.

మా కళాశాలలో తొలి ప్రాక్టికల్‌గా ఆ ఫారాల తరహాలో, ఎవరి వివరాలూ లేకుండా, నేనే తయారుచేసిన నలభై వరుసల డేటాను ఇస్తున్నాము. అందులో ఆరు వయసు గడులు ఖాళీగా ఉంటాయి, ఆ సంగతి విద్యార్థులకు ముందుగా చెప్పము. ఆ డేటా, రెండు భాషల ప్రోగ్రాములు కావలసిన కళాశాలలు ఏవైనా ఉంటే మీ పత్రిక ద్వారా తెలియజేస్తే సంతోషంగా అందజేస్తాను.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.