నీ ఉద్యోగం సంగతి రాయి

చి. పద్మకి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బోరులో నీళ్ళు తగ్గాయి. చిన్నాన్న మళ్ళీ గట్టు గొడవ మొదలుపెట్టాడు. అమ్మ మోకాలు అలాగే ఉంది, డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు.

పెళ్ళిలో సూరిబాబు మావయ్య కనిపించాడు. "మీ అమ్మాయి అంబులెన్స్ కాల్ సెంటర్ మానేస్తోందటగా, ఇక ఫోన్లన్నీ ఏఐ ఎత్తుతుందటగా" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. వాడి మాటలు నమ్మితే మన ఊరికి విమానాలు ఎప్పుడో రావాలి. నేను నిన్నేమీ అడగడం లేదు. ఉగాది నుంచి "బిజీ నాన్నా" అన్న మెసేజే తప్ప నీ గొంతు వినలేదు, అంతే. పాశర్లపూడి గ్యాస్ బావి మంటల దగ్గర నాకు డ్యూటీ పడ్డప్పుడు కూడా అమ్మ ఇంత కంగారుపడలేదు. ఇప్పుడు నువ్వు వాట్సాప్ చివరిసారి ఎప్పుడు చూశావో రోజూ నన్ను చూసి చెప్పమంటోంది.

మొన్న ఏప్రిల్ 14న మా ఫైర్ స్టేషన్‌కి పిలిచారు, అగ్నిమాపక వారోత్సవాలు కదా. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పబోయి పోయినవాళ్ళని తలుచుకున్నాం. తర్వాత టీ తాగుతుంటే కుర్రాళ్ళు అడిగింది కూడా ఏఐ గురించే. డ్రోన్లు, రోబోలు వస్తే మా పోస్టులు ఉంటాయా సార్ అని. హోసు పట్టుకుని పొగలోకి దూరేవాడికి ఇప్పట్లో ఢోకా లేదన్నాను. నీ పని గురించి అంత ధైర్యంగా చెప్పలేను. అడ్రసు రాసుకోవడం, దగ్గర్లో ఏ బండి ఖాళీగా ఉందో చూడటం, అవతలివాళ్ళు చెప్పింది టైపు చేయడం మిషన్ చేసేస్తుంది. చేయనీ, నీ మెడనొప్పయినా తగ్గుతుంది.

బుజ్జిగాడు ఒకటి చదివి వినిపించాడు. డెన్మార్క్‌లో, కోపెన్‌హాగెన్‌లో, ఎమర్జెన్సీ ఫోన్లు వింటూ అవతల మనిషికి గుండె ఆగిందని పసిగట్టే మిషన్ పెట్టారట. ఫోన్ ఎత్తినవాళ్ళకంటే అదే ఎక్కువ కేసులు పట్టుకుంది. లేనివాటికి కూడా ఎక్కువసార్లే గంట కొట్టింది. ఆ హెచ్చరిక సిబ్బందికి చూపిస్తే, వాళ్ళు గుర్తుపట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2021లో తేల్చారు. అవతల ఏడుస్తుంటే, తెర మీద వెలిగినదాన్ని నమ్మాలా వద్దా అనేది మళ్ళీ మీ నెత్తినే కదా.

నువ్వు పుట్టకముందు సంగతి. ఎండాకాలం మధ్యాహ్నం వాచ్‌రూమ్‌లో 101 మోగింది. ఎవరో కుర్రాడు, "పేటలో ఇళ్ళు అంటుకున్నాయండీ" అని పెట్టేశాడు. ఏ పేట? మన చుట్టూ ఊరికో పేట ఉంది. మా లీడింగ్ ఫైర్‌మన్ గారు, "వెనకాల ఏరు దాటించే పంటు హారన్ వినిపించింది, రేవులో బూత్ నుంచి చేశాడు" అన్నారు. అడ్రసు ఖాయం కాకుండా బండి తీయకూడదు. ఆయన తీయమన్నారు. లాకుల దగ్గర ఎడ్లబండి అడ్డం. డ్రైవర్ తిట్లు, ఎద్దులు కదలవు. నేను దిగి బండి తోశాను, కాల్లో మేకు దిగింది, ఆ మచ్చ నీకు తెలిసిందే. వెళ్ళేసరికి ఒక వరస తాటాకిళ్ళు పోయాయి, వెనక వరస దక్కింది. మర్నాడు ఒక ఆఫీసరు వచ్చి, ఎవరిని అడిగి బండి తీశారని మెమో ఇవ్వబోయారు. మా లీడింగ్ ఫైర్‌మన్ గారు బయల్దేరేముందే పుస్తకంలో రాసిపెట్టారు: హారన్ విన్నాను, ఫలానా రేవు అనుకుంటున్నాను, నిర్ణయం నాది, టైమ్ ఇంత. మెమో రాలేదు.

ఇప్పుడు ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తుంది నాన్నా అంటావు. కనిపించనీ. నేను చెప్పేది ఆ పుస్తకం గురించి. ఉద్యోగం పోతుందనే భయం కంటే నాకు ఇంకో భయం ఎక్కువ. పదిమంది కూర్చునే చోట ఇద్దరిని ఉంచి, మిగతాది మిషన్ చూసుకుంటుందంటారు. అది సీరియస్ కాదన్న కేసులో ప్రాణం పోతే సంజాయిషీ రాయాల్సింది ఆ ఇద్దరే. మిషన్ మాటకి నువ్వు ఒప్పుకోనప్పుడు, ఎందుకో రెండు ముక్కలు రికార్డులో పెట్టు. ఒప్పుకున్నప్పుడూ పెట్టు. టీమ్ లీడర్ విసుక్కున్నా పెట్టు. అదీకాక, అంబులెన్స్‌లో వెళ్ళి చికిత్స చేసే ఈఎంటీ ట్రైనింగ్ చెయ్యమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. దారిలో నొప్పులొస్తే బండిలో ప్రసవం చేయించేది ఈఎంటీయే కదా. హెడ్‌సెట్ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకు. ఫీజు గురించి ఆలోచించకు, కొబ్బరి డబ్బు చేతికొచ్చింది. లెక్చర్లు ఇవ్వనని అమ్మకి మాటిచ్చి ఇది మొదలుపెట్టాను. సరే, ఆపుతున్నాను.

మానెయ్యాలనుకుంటే మానెయ్యి, అది నీ ఇష్టం. సూరిబాబు నోట మాత్రం నేను వినకూడదు.

అమ్మ కొత్తావకాయ పెట్టింది. నీకు వెల్లుల్లి లేకుండా వేరే సీసా, గొంతుకి పడదని కారం తగ్గించింది. నైట్ షిఫ్టులో ఆ మిషన్ కాఫీ తాగకు, మజ్జిగ తీసుకెళ్ళు. హెడ్‌సెట్ ఒకే చెవికి పెట్టుకోకు. శుక్రవారం రాత్రి బస్సుకి పార్సిల్ వేస్తాను, పొద్దున్నే కూకట్‌పల్లిలో దింపుతాడు. అప్పుడు డ్యూటీలో ఉంటావా, రూములో ఉంటావా? రెండూ కాకపోతే ఎక్కడుంటావో అదే రాయి.

నాన్న