సూర చేప ఏ రకమో, ఎప్పుడు పట్టిందో రాసి అమ్మించండి

సంపాదకుల వారికి,

తిరుపతి, చిత్తూరు చేపల అంగళ్లలో వంజరం ధర అందనివాళ్లు సూర వైపు తిరుగుతున్నారు. ముల్లు తక్కువ, కండ ఎక్కువ, ఖరీదు నయం. సూపర్‌మార్కెట్లో అదే చేప ట్యూనా పేరుతో డబ్బాల్లో దొరుకుతోంది, జిమ్‌కు పోయే కుర్రాళ్లు ప్రొటీను కోసం కొంటున్నారు. ఒంటికి మంచిదని ఒకరు, పాదరసం ఉందని ఇంకొకరు, సముద్రంలో అయిపోతోందని మరొకరు చెబుతుంటే కొనేవాళ్లు ఎవరి మాట వినాలి? ముగ్గురూ చెప్పేది కొంత నిజమే. చిక్కల్లా వాళ్లు మాట్లాడేది ఒకే చేప గురించి కాకపోవడం. ఏ రకం, ఎంత బరువు, దేంతో పట్టారు, ఐసులో ఎప్పుడు పడింది అన్నవి తెలిస్తే గానీ సూర తినొచ్చో లేదో చెప్పలేం. మన అంగళ్లలో ఈ నాలుగింటిలో ఒక్కటీ రాసి ఉండదు.

సూర పేరుతో అమ్మేవి కనీసం నాలుగైదు రకాలు. పొట్ట మీద తల వైపు నుంచి తోక దాకా పొడుగ్గా నాలుగు నుంచి ఆరు నల్ల చారలుంటే అది స్కిప్‌జాక్. వీపు వెనక భాగంలో అలల్లాంటి వంకర గీతలు, రొమ్ము రెక్క కింద కొన్ని నల్ల చుక్కలు ఉంటే లిటిల్ ట్యూనా. వీపు రెక్క, పొట్ట కింది రెక్క, తోకకు ముందున్న బుల్లి రెక్కలు పసుపుపచ్చగా మెరుస్తుంటే ఎల్లోఫిన్. కన్ను పెద్దదిగా, ఒళ్లు బొద్దుగా ఉండేది బిగ్‌ఐ. చిన్న సైజులో ఈ చివరి రెండింటినీ విడదీయడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. తల, చర్మం తీసేసి ముక్కలు కొట్టాక ఎవరికీ తెలియదు.

రకం ఎందుకు తెలియాలంటే, రెండు మూడు కిలోల స్కిప్‌జాక్ పెరిగిన చేప, అప్పటికే గుడ్లు పెట్టి ఉంటుంది. అదే బరువున్న ఎల్లోఫిన్ ఇంకా పసిది. మీటరు దాపుకు పెరిగితే గానీ వాటిలో ఎక్కువ భాగం గుడ్లకు రావు. నడిసముద్రంలో తేలే తెప్పల్లాంటివి వదిలి, వాటి నీడన చేరిన మందను పెద్ద ఓడలు చుట్టువలతో ఒక్కసారిగా ఎత్తేస్తాయి. స్కిప్‌జాక్ కోసం వేసిన ఆ వలలోనే ఎల్లోఫిన్, బిగ్‌ఐ పిల్లలూ వచ్చేస్తాయి. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2015లో ఎల్లోఫిన్‌ను అతిగా పట్టిన చేపగా ప్రకటించి, మరుసటి ఏడాది కోలుకునే ప్రణాళిక పెట్టింది. 2024 అంచనాలో ఆ ముద్ర తొలగింది, అది మంచి వార్తే. కానీ 2022లో బిగ్‌ఐకి అదే ముద్ర పడింది. తీరానికి దగ్గర్లో దొరికే లాంగ్‌టెయిల్ రకానికి 2020 అంచనాలోనే పడింది. నిల్వలు బాగున్నాయనుకునే స్కిప్‌జాక్‌కు 2018 నుంచి 2020 వరకు ఏడాదికి 4,70,029 టన్నుల హద్దు పెడితే, తొలి ఏడాదే 6 లక్షల టన్నులు దాటించారు. హద్దు గీసినవాళ్లూ, దాటినవాళ్లూ ఆ కమిషన్‌లో సభ్యులే!

ఇక పాదరసం. బొగ్గు కాల్చినప్పుడు, చిన్న బంగారు గనుల్లో బంగారం తీసినప్పుడు గాల్లోకి పోయే పాదరసం సముద్రంలో మిథైల్ మెర్క్యురీగా మారి, చిన్న చేపను పెద్ద చేప తిన్నకొద్దీ పోగుపడుతుంది. వయసు, సైజు పెరిగేకొద్దీ ఎక్కువ. అమెరికా ఆహార ఔషధ సంస్థ సగటు లెక్కల్లో కిలో మాంసానికి స్కిప్‌జాక్‌లో 0.144 మిల్లీగ్రాములు, ఎల్లోఫిన్‌లో 0.354, బిగ్‌ఐలో 0.689 ఉంటుంది. కడుపులో బిడ్డను దృష్టిలో పెట్టుకుని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2003లో పెట్టిన హద్దు వారానికి, ఒంటి బరువు కిలోకు 1.6 మైక్రోగ్రాములు. అరవై కిలోల గర్భిణికి అది 96 మైక్రోగ్రాములు. అంటే వారానికి ఎల్లోఫిన్ అయితే 270 గ్రాములు, బిగ్‌ఐ అయితే 140 గ్రాములు, స్కిప్‌జాక్ అయితే 660 గ్రాముల దాకా. ఇరవై కిలోల పిల్లవాడికి ఎల్లోఫిన్ 90 గ్రాములతోనే సరి, పులుసులో రెండు ముక్కలు. పాదరసం కండలోని ప్రొటీనుకు అంటుకుని ఉంటుంది కాబట్టి తోలు తీసినా, కొవ్వు కోసేసినా, చింతపండులో నానబెట్టినా పోదు. వేయిస్తే నీరు ఇగిరి, గ్రాముకు లెక్క ఇంకా పెరుగుతుంది.

గమనించారా, పాదరసం భయంతో "చిన్న సూర ఇవ్వు" అని అడిగితే అది ఎల్లోఫిన్ పిల్ల కావచ్చు. ఒంటికి మేలు, సముద్రానికి చేటు. రకంగానే చిన్నదైన, పూర్తిగా పెరిగిన స్కిప్‌జాక్ గానీ లిటిల్ ట్యూనా గానీ అడిగితే రెండు వైపులా నష్టం తక్కువ. రకం రాసి ఉంటేనే అలా అడగగలం.

పాదరసం కన్నా మన ఊళ్లకు దగ్గరి ప్రమాదం హిస్టమిన్. దీని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. సూర కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది. మొప్పల్లో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా వెచ్చదనం తగిలితే దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది, హిస్టమిన్ మాత్రం చెక్కుచెదరదు. వేపుడు, పులుసు, డీప్ ఫ్రీజరు, డబ్బా, ఏదీ దాన్ని ఏమీ చేయలేదు. వాసన కూడా రాకపోవచ్చు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లో నాలుక మిరియం కొరికినట్టు మండుతుంది, ముఖం, మెడ ఎర్రబడతాయి, తలనొప్పి, గుండెదడ, దద్దుర్లు, విరేచనాలు వస్తాయి. ఒకే చేపలో ఒక ముక్కలో ఎక్కువ, పక్క ముక్కలో తక్కువ ఉంటుంది కాబట్టి ఇంట్లో ఒకరికి వచ్చి మిగతావాళ్లకు రాకపోవచ్చు. "నీకు చేప పడదు" అని సరిపెట్టుకుంటారు, కేసు లెక్కల్లోకి ఎక్కదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ లెక్క ప్రకారం కిలో చేపలో ఇది 200 మిల్లీగ్రాములు దాటకూడదు.

దేంతో పట్టారన్నది ఇక్కడే మళ్లీ ముందుకొస్తుంది. ఇరాన్, పాకిస్తాన్, శ్రీలంకల్లోనూ మన దేశంలోనూ సూరను ఎక్కువగా పట్టేది తేలు వలలతో, అంటే నీళ్లలో తేలుతూ తెరలా వేలాడే వలలతో. సాయంత్రం వదిలి తెల్లవారుజామున లాగుతారు. రాత్రి తొలిజాములో తగులుకున్న చేప కొట్టుకుని కొట్టుకుని చచ్చి, తెల్లారేదాకా గోరువెచ్చటి నీళ్లలోనే వేలాడుతుంది. పైగా సూర ఒళ్లు చుట్టూ ఉన్న నీటికంటే వేడి. నీరు గానీ గాలి గానీ 28.3 డిగ్రీలు దాటితే చచ్చిన ఆరు గంటల్లోపు ఐసులో పడాలన్నది అమెరికా మార్గదర్శకం. బంగాళాఖాతం పైనీళ్లు ఏడాదిలో చాలా నెలలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అంటే కొన్ని చేపలకు పడవ ఎక్కేలోపే గడువు తీరిపోతుంది. ఆ వలల్లోనే డాల్ఫిన్లు, తాబేళ్లు కూడా ఊపిరాడక చస్తాయి. 1950 నుంచి 2018 దాకా హిందూ మహాసముద్రపు తేలు వలల్లో 41 లక్షల చిన్న తిమింగిలాలు, డాల్ఫిన్లు పోయి ఉంటాయని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. గాలంతో పట్టిన చేప ప్రాణంతో పడవలోకి వస్తుంది. అక్కడే రక్తం కార్చి, మొప్పలు, పేగులు తీసి, కడుపు నిండా నలగ్గొట్టిన ఐసు కూరవచ్చు. లక్షద్వీప్‌లో స్కిప్‌జాక్‌ను, అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎల్లోఫిన్‌ను గాలంతోనే పడతారు. "ట్యూనా మానేయండి" అని గంపగుత్తగా పిలుపునిస్తే దెబ్బ తగిలేది ముందు వీళ్లకే.

మన రెండు ఊళ్లకూ సముద్రపు చేప చెన్నై కాశిమేడు రేవు, నెల్లూరు వైపు నుంచే ఎక్కువగా వస్తుంది. చెన్నై నుంచి తిరుపతి మూడు గంటల దారి, ఆ మూడు గంటలు పెద్ద లెక్క కాదు. పడవలో గడిచిన రోజులూ, అంగట్లో గడిచే ఎండపూటా లెక్క. మన వాతావరణంలో కిలో చేపకు కిలో ఐసు కావాలి, అది కూడా అడుగున ఒక వరుస, పైన ఒక వరుస, కరిగిన నీళ్లు బయటికి పోయే తూము ఉన్న పెట్టెలో. తార్పాలిన్ మీద పరిచి చెంబుతో నీళ్లు చల్లితే చేప మెరుస్తుంది, చల్లబడదు.

కొనేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ముక్కలు కొట్టి పెట్టిన సూర కొనకండి, ఐసులోంచి తీసిన చేపను కళ్లముందు కోయించుకోండి. ఉడికాక కండలో తేనెపట్టులా చిల్లులు కనిపిస్తే, నోట్లో కారం కాని మంట తగిలితే పారేయండి. డబ్బా మీద కట్సువోనస్ పెలామిస్ అని ఉంటే స్కిప్‌జాక్, తున్నస్ అల్బకారెస్ అని ఉంటే ఎల్లోఫిన్. రెండూ లేకుండా ఉత్త ట్యూనా అని ఉంటే అక్కడే పెట్టేయండి. పిల్లలకు, గర్భిణులకు నెత్తళ్లు, కవళ్లు పెట్టండి, వాటిలో పాదరసం చాలా తక్కువ. కవళ్లకు, కానాగంతలకు కూడా హిస్టమిన్ గొడవ ఉంది కాబట్టి ఐసు విషయంలో అదే పట్టుదల కావాలి. చెరువు చేప శీలావతి, బొచ్చెలకు ఆ బెడద లేదు.

మిగతాది రెండు నగరపాలక సంస్థలూ, ఆహార భద్రత అధికారులూ చేయాల్సిన పని. సూర అమ్మే ప్రతి అంగట్లో రకం, ముక్కలు కొట్టకముందు మొత్తం బరువు, వలా గాలమా, ఏ రేవులో ఏ తేదీన దిగింది అన్నవి పలక మీద రాయించాలి. ఇది చేతకాని పనేమీ కాదు. రేవు వేలంలో రకం తెలియకుండా ఎవరూ పాట పాడరు, ఆ చీటీని సరుకుతో పాటు ఇక్కడిదాకా రప్పిస్తే చాలు. తనిఖీకి వచ్చినవాళ్లు కండలో పొడిచే థర్మామీటరు పెట్టి 4 డిగ్రీలు దాటిన సరుకును పక్కన పెట్టించాలి. నెలకోసారి హిస్టమిన్ పరీక్షకు నమూనాలు పంపి, ఫలితాన్ని మార్కెట్ గేటు దగ్గర అతికించాలి. ఇదంతా ఏప్రిల్ 15 లోపు మొదలు కావాలి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, సరుకు పడమటి తీరం నుంచీ కోల్డ్ స్టోరేజీల నుంచీ, అదీ మన ఊళ్లలో ఎండలు మండిపోయే రెండు నెలల్లో వస్తుంది.

— ఒక పాఠకుడు, తిరుపతి