ఒక్క స్ట్రోక్

అనంతపురం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మలుకు,

అమ్మ ఆశీస్సులు. మొన్న రాత్రి నువ్వు పంపిన సందేశాన్ని నేనూ మీ నాయనా నాలుగైదు సార్లు చదువుకున్నాం. ఫోన్‌లో మాట్లాడితే గొంతు పూడుకుపోతుందనిపించి, నెమ్మదిగా ఆలోచించి రాయడమే మేలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. ఎవరూ చూడని తప్పును నీ అంతట నువ్వే చెప్పుకోవడం తెలివితక్కువతనమా అన్నది మొదటిది. పద్దెనిమిదేళ్లకే గోల్ఫ్‌లో, లేడీస్ యూరోపియన్ టూర్ అనే మహిళల పోటీల వరుసలో గెలిచిన అదితి అశోక్ ఎక్కడ, ఇరవై ఏళ్లు వచ్చినా మన దేశంలోని టోర్నమెంట్లలోనే వరుసగా రెండుసార్లు కట్ దాటి మూడో రోజు ఆటకు వెళ్లలేకపోయిన నేనెక్కడ అన్నది రెండోది.

జరిగినది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడు. రెండో రోజు పదహారో హోల్‌లో నీ బంతి నున్నగా కోసిన ఫెయిర్‌వే దాటి చెట్ల కింద గడ్డి పెరిగిన రఫ్‌లో ఆగింది. దాని పక్కనున్న ఎండుటాకును నువ్వు తీస్తుండగా బంతి వెంట్రుకవాసి కదిలింది. తోటి క్రీడాకారిణులు అవతలి వైపున ఉన్నారు, నీ సంచి మోసే కేడీ జెండా దూరం లెక్క చూసుకుంటున్నాడు. నువ్వు చేయి పైకెత్తి, నీ స్కోరు రాస్తున్న అమ్మాయిని పిలిచి సంగతి చెప్పి, బంతిని మునుపున్న చోటనే పెట్టి, ఒక స్ట్రోక్, అంటే ఒక దెబ్బ, శిక్షగా కలుపుకున్నావు. తక్కువ దెబ్బల్లో ముగించినవారే ముందుండే ఆట ఇది. సాయంత్రం చూస్తే సరిగ్గా ఆ ఒక్క స్ట్రోక్‌తోనే కట్ తప్పింది. మూడో రోజు ఆటా పోయింది, చేతికి రావలసిన కాసింత ప్రైజ్ మనీ కూడా పోయింది.

ఇరవై రెండేళ్లుగా పరీక్ష గదుల్లో కాపలా కాస్తున్నదాన్ని కాబట్టి నాకు ఈ ఆటలోని ఒక ఏర్పాటు మొదటినుంచీ ఆశ్చర్యంగానే ఉంది. క్రికెట్‌లో అంపైర్ వేలెత్తేదాకా బ్యాటర్ క్రీజు వదలకపోయినా తప్పు పట్టేవారు లేరు. గోల్ఫ్‌లో ఒకే పూట వంద మందికి పైగా ఆడుతుంటారు, మైళ్ల పొడవునా చెదిరిపోయి ఉంటారు, ఒక్కొక్కరి వెనుక ఒక్కో రిఫరీని నిలబెట్టడం జరిగే పని కాదు. అందుకే ఆడే మనిషే తన తప్పు చెప్పుకోవాలని, తన కార్డు మీద తానే సంతకం పెట్టాలని, ఏ హోల్‌కైనా ఆడినదానికన్నా తక్కువ లెక్క రాసి సంతకం పెట్టి ఇస్తే పోటీ నుంచే తొలగిపోవాలని నియమం పెట్టారు. మొత్తం ఆట ఆ సంతకం మీదే నిలబడి ఉంది. దాని విలువ తెలిసిన పిల్లను నేను కన్నానని ఆ రాత్రి మీ నాయనతో అన్నాను.

మీ మామ చెప్పగా విని, తర్వాత నేను వివరంగా చదువుకున్న సంగతి ఒకటి ఉంది. 1925లో అమెరికాలో జరిగిన యు.ఎస్. ఓపెన్‌లో బాబీ జోన్స్ అనే మహా ఆటగాడు షాట్‌కు సిద్ధమవుతుండగా రఫ్‌లో బంతి కాస్త కదిలిందట. అధికారులు తాము చూడలేదన్నా వినకుండా ఆయన తన మీద తానే ఒక స్ట్రోక్ వేసుకున్నాడు. చివరికి విల్లీ మక్‌ఫార్లేన్‌తో సమంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఒకే ఒక్క స్ట్రోక్‌తో ఓడిపోయాడు. ఎవరో మెచ్చుకోబోతే, బ్యాంకును దోచుకోలేదని మనిషిని పొగుడుతారా అన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడాడని చెబుతారు. ఆ మాట చదివాక నాకూ నిన్ను పొగడబుద్ధి కాలేదు. నువ్వు చేయవలసినదే చేశావు. అది తెలివితక్కువతనమా అని మాత్రం ఇంకెప్పుడూ అడగకు తల్లీ, ఆ ప్రశ్న విన్నప్పుడే నాకు బాధ కలిగింది.

నీకు గుర్తుందా, బెంగళూరులో మీ మామ గోల్ఫ్ మైదానంలో పచ్చిక కోసే పనికి కుదిరిన రెండేళ్లకు, వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్లిన నువ్వు ఎవరో వాడి పారేసిన పటర్‌నూ, అదే బంతిని హోల్‌లోకి దొర్లించే కర్రనూ, మూడు బంతులనూ పట్టుకుని ఊరికి దిగావు. అప్పుడు నీకు తొమ్మిదేళ్లు. గడ్డిపరక మొలవని మన నేలలో ఇదేం ఆట అని అందరూ అంటే, జేజి మాత్రం వేరుశనగ కాయలు ఆరబోసే కళ్లాన్ని పేడతో నున్నగా అలికించి నీకు వదిలిపెట్టింది. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు ఉండాలని మామ చెప్పాడని, మీ నాయన ఆ కొలతకు సరిపోయే డబ్బాను ఊరంతా వెతికి తెచ్చి కళ్లం నడుమ పాతిపెట్టాడు. అలికిన రోజు బంతి బరువుగా దొర్లుతుందనీ, ఎండి పెళుసెక్కాక అదే ఊపుకు డబ్బా దాటిపోతుందనీ, పడమటి వైపు కంటికి కనిపించని వాలు ఉందనీ నీకై నువ్వే కనిపెట్టి నాకు చూపించావు. ఈనాడు హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చికను, ఆ గ్రీన్‌ను చదవడంలో నీకు సాటి లేరని కోచ్ అంటున్నారంటే దాని మొదలు ఆ కళ్లంలోనే ఉంది. గిరి గీసుకుని నువ్వొక్కదానివే ఆడుతూ, తప్పిన ప్రతి బంతికీ బొగ్గుతో గోడ మీద గీత పెట్టేదానివి. ఆ గీతల మీద ఈరోజుకీ సున్నం వేయనివ్వలేదు జేజి.

ఇక అదితి సంగతికి వస్తాను. నువ్వు ఆమె కథలో గెలుపులను మాత్రమే ఏరుకుని నీ పక్కన పెట్టుకుంటున్నావు. ఆ గెలుపులు నిజమే. ఐదేళ్ల పిల్లగా అమ్మానాన్నలతో టిఫిన్‌కు వెళ్లి, హోటల్ నుంచి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానాన్ని చూసి ముచ్చటపడింది. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరికీ గోల్ఫ్ తెలియదు. 2015 చివర మొరాకోలో జరిగిన క్వాలిఫయింగ్ పోటీలో గెలిచి, 2016 ఆరంభంలో, స్కూలు చదువు ఇంకా ముగియకుండానే ప్రొఫెషనల్ అయింది. ఆ నవంబరులో గురుగ్రామ్‌లో ఇండియన్ ఓపెన్, వెంటనే దోహాలో ఖతర్ ఓపెన్, మరుసటి నవంబరులో అబుధాబి. ఇంతవరకూ నీకు కంఠతా వచ్చు. ఆ తర్వాత ఏమైందో ఎప్పుడైనా వరుసగా రాసుకుని చూశావా? యూరప్ టూర్‌లో ఆమె నాలుగో గెలుపు కెన్యాలో, 2023 ఫిబ్రవరిలో వచ్చింది. మధ్యలో ఐదేళ్లకు పైగా ఒక్క ట్రోఫీ కూడా లేదు. ఆ ఐదేళ్లూ ఆమె వారం వారం సామాను సర్దుకుని, విమానాలు మారుతూ, ఆడుతూనే ఉంది. నేను ఆమెను ఎక్కువగా గౌరవించేది ఆ ఐదేళ్లకే. వరుసగా మూడేళ్లు వాన మొహం చాటేసినా నాలుగో ఏడు తొలకరికి విత్తనకాయలు ఒలుచుకుని కూర్చునే మీ తాతను చూసి పెరిగిన నీకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ఐదేళ్ల నడుమనే టోక్యో ఉంది. 2021 ఆగస్టు 7 పొద్దున మనం ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 200వ స్థానంలో ఉన్న అమ్మాయి, అంతకు కొద్ది వారాల ముందే కోవిడ్‌తో నీరసపడి బంతిని మునుపటంత దూరం కొట్టలేకపోతున్న అమ్మాయి, పటర్ ఒక్కదాన్నే నమ్ముకుని 67, 66, 68, 68 ఆడింది. ఉరుములతో ఆట ఆగితే నువ్వు లేచి నిలబడి గోళ్లు కొరుక్కున్నావు. నెల్లీ కోర్డాకు స్వర్ణం, రజత కాంస్యాలు మోనె ఇనామికీ లిడియా కోకీ. అదితి నాలుగో స్థానం. కాంస్యానికి తేడా ఒక్క స్ట్రోక్. నువ్వు ఏడుస్తుంటే నేను తల నిమిరానే కానీ, నా కళ్లు ఆ తెర మీద వేరొకరి మీద ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ కూతురి సంచి మోసినది వాళ్లమ్మ. ఐదేళ్ల ముందు రియోలో వాళ్ల నాన్న మోశాడు. అక్కడ మొదటి రెండు రోజులూ 68, 68 ఆడిన పిల్ల మూడో రోజు 79 ఆడి, చివరికి 41వ స్థానంలో ముగించింది. ఆ 79 రోజున ఆ తండ్రి ఏం మాట్లాడి ఉంటాడా, అసలు మాట్లాడకుండా పక్కన నడిచి ఉంటాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఇంకొక్కటి చెప్పి ఆమె ప్రస్తావన ముగిస్తాను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి, 77 ఆడి స్వర్ణం చేజార్చుకుని రజతంతో తిరిగివచ్చింది. రెండు నెలలు తిరగకముందే స్పెయిన్‌లో గెలిచింది. నువ్వు పోల్చుకోదలచుకుంటే ఈ లెక్క మొత్తంతో పోల్చుకో. ప్రొఫెషనల్‌గా నీకు గడిచినవి ఏడు నెలలు.

ఖర్చు గురించి రాశావు. ఎంట్రీ ఫీజు, బస, కేడీ కూలి, అన్నీ కలిపి ఈసారి వృథా అయ్యాయని. ఈ ఏడాదికి సరిపడా డబ్బు నేనూ మీ నాయనా ముందే విడిగా పెట్టాం, అది ఏ ఆటకు పెట్టామో ఆ ఆటలోనే ఖర్చయింది. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం.

అయితే కేడీ విషయంలో నాకొక ఆలోచన వచ్చింది. వచ్చే టోర్నమెంటు బెంగళూరులోనే కదా. నేను బడికి సెలవు పెట్టాను. రేపు కాక పై సోమవారం సాయంత్రం బస్సెక్కితే కొడికొండ చెక్‌పోస్టు దాటి రాత్రికల్లా మామ ఇంటికి చేరతాను. మంగళవారం బంకర్‌లో ఇసుక ఎలా సరిచేయాలో, జెండా ఎప్పుడు తీయాలో, ఎవరైనా కొడుతున్నప్పుడు ఎక్కడ నిలబడాలో మామ నేర్పుతానన్నాడు. ఏ క్లబ్ వాడాలో నాకు తెలియదు, అది నువ్వే చూసుకోవాలి. పద్నాలుగు క్లబ్బులతో ఆ సంచి ఎంత బరువుంటుందో రాయి, ఈ వారం రోజులూ మేడ మెట్ల మీద అంత బరువు మోసి అలవాటు చేసుకుంటాను. చీరలో వద్దంటే చుడీదార్‌లో వస్తాను. బూట్లు ఎలాంటివి కొనాలో కూడా మరిచిపోకుండా రాయి.

జేజి నిన్ను అడిగినట్లు చెప్పమంది. వేళకు తిను.

ప్రేమతో,
అమ్మ