కంప్యూటర్ గడువు తేదీ అమ్మే రోజే చెప్పించండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇళ్లలో వాడుతున్న పాత కంప్యూటర్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. పాడైపోయి మూల పడేసిన వాటి సంగతి కాదు. స్విచ్ వేస్తే ఆన్ అయ్యి, నెట్ వచ్చి, ప్రింటర్ పనిచేసి, పిల్లల చదువులకీ పెద్దల బ్యాంకు పనులకీ ఏ లోటూ లేకుండా ఉపయోగపడుతున్న కంప్యూటర్ల సంగతి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ మర్నాడు కూడా ఈ కంప్యూటర్లన్నీ ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి. నా భయమంతా అక్కడే. హార్డ్ డిస్క్ పోతే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతే ఎవరికీ తెలియదు. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం రోజూ దాంట్లోనే కొడుతుంటారు.

నేను కంప్యూటర్ సర్వీసింగ్ పనిలో ఉన్నాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు: "బాగానే నడుస్తోంది కదండీ, కొత్తది ఎందుకు కొనాలి?" దీనికి సాంకేతికంగా నేనేదో సమాధానం చెబుతున్నాను. కానీ అసలు సమాధానం చెప్పాల్సింది ప్రభుత్వం అనిపించి మీకు రాస్తున్నాను.

విండోస్ 10 తర్వాతిదైన విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. దానికి కావాల్సిన 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ పదేళ్ల నాటి కంప్యూటర్లలో కూడా ఉంటాయి. అడ్డం పడేవి వేరే రెండున్నాయి. ఒకటి టీపీఎం 2.0. ఎన్‌క్రిప్షన్ కీలను (సమాచారాన్ని ఎవరూ చదవకుండా వేసే తాళాల చెవులను) భద్రంగా దాచే ఏర్పాటు ఇది, విడి చిప్‌గానైనా ఉంటుంది, ప్రాసెసర్‌లో భాగంగానైనా ఉంటుంది. రెండోది మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి మాత్రమే ఆ జాబితాలో ఉన్నాయి. అంటే 2017 చివర్లోనో 2018లోనో మార్కెట్లోకి వచ్చినవి, ఆ తర్వాతివి.

ఈ జాబితాని కాస్త దగ్గరగా చూడండి. ఇంటెల్ సెలెరాన్ ఎన్4000 అనే చిన్న ప్రాసెసర్ ఉంది. రెండే కోర్లు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆయాసపడుతుంది. అది జాబితాలో ఉంది. ఏడో తరం ఐ7-7700 ఉంది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, వీడియో ఎడిటింగ్ కూడా నింపాదిగా చేస్తుంది. చాలా మదర్‌బోర్డుల్లో దాంతోపాటు టీపీఎం 2.0 కూడా దొరుకుతుంది. అయినా అది జాబితాలో లేదు. దాన్ని ఇష్టపడి, ఎక్కువ డబ్బు పెట్టి, ఎక్కువ కాలం వస్తుందని కొనుక్కున్న మనిషికి ఈ తేడా ఎలా వివరించాలో నాకు తెలియడం లేదు. కొత్త భద్రతా సదుపాయాలు కొత్త ప్రాసెసర్ల మీద బాగా నడుస్తాయన్నది నిజమే, దాన్ని నేను కాదనను. కానీ కొత్త సదుపాయం ఇవ్వలేకపోవడం ఒక సంగతి. ఉన్న సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపాన్ని సరిచేయడం మానేయడం ఇంకో సంగతి.

అర్హత ఉండి కూడా లేదనుకుంటున్న కంప్యూటర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే జనం డబ్బు అనవసరంగా పోతున్నది ఇక్కడే. ఈ పీసీ విండోస్ 11కి సరిపోదని తెర మీద మెసేజ్ వస్తుంది. చాలామంది అక్కడితో ఆశ వదిలేసుకుంటారు. బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే టీపీఎం ఉంటుంది, ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ రాసి ఉంటుంది. టీపీఎం అన్న మాట కోసం వెతికేవాళ్లకి అది కనపడనే కనపడదు. దాన్ని ఆన్ చేస్తే సగం పని అయినట్టే. ఇంకొన్నిట్లో విండోస్ పాత పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత అమరిక ఉన్న డిస్క్ మీద ఎక్కించి ఉంటుంది. దాన్ని జీపీటీ అనే కొత్త అమరికలోకి మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. ఫైళ్లు పోకుండా మారుస్తుంది. అయినా ముందు బ్యాకప్ తీసుకోకుండా నేను చెయ్యి పెట్టను.

ఇందులో ఒక గండం కూడా ఉంది. బయోస్‌లో టీపీఎం సెట్టింగులు కదిపినప్పుడు కొన్ని కంప్యూటర్లు మళ్లీ ఆన్ చేయగానే నీలం తెర చూపించి, బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడుగుతాయి. 48 అంకెల కీ అది. తన డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందన్న సంగతే ఆ యజమానికి తెలియదు. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి సైన్ ఇన్ అయినప్పుడే అది దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లో దాక్కుంటుంది. అమ్మినవాళ్లు హడావిడిలో ఏదో ఒక మెయిల్ ఐడీతో అకౌంట్ తెరిచి చేతికిచ్చేసి ఉంటే? ఆ మెయిల్ ఏంటో, పాస్‌వర్డ్ ఏంటో ఎవరికీ గుర్తుండదు. పిల్లల చిన్నప్పటి ఫోటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న ఆస్తి కాగితాలు అన్నీ ఆ డిస్క్‌లోనే ఉంటాయి, తెరిచే దారి మాత్రం ఉండదు. కీ లేకపోతే నేనే కాదు, ఎవరూ తెరవలేరు. ఇలాంటి ఇంట్లో ఆ నీలం తెర ముందు కూర్చుని "ఏమీ చేయలేనండీ" అని చెప్పడం ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని. అందుకే అప్‌గ్రేడ్ గురించి ఎవరు అడిగినా ముందు కీ ఎక్కడుందో చూసుకోమని, కాగితం మీద రాసుకోమని బతిమాలుతున్నాను.

జాబితాలో లేని కంప్యూటర్‌కి కూడా అడ్డదారిన విండోస్ 11 ఎక్కించవచ్చు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల్లో మార్పులు చేసి ఎక్కించే పద్ధతులు నెట్‌లో బోలెడు ఉన్నాయి. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయని హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెప్పింది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ దగ్గరికి వచ్చేసరికి, అవసరమైన ఇన్‌స్ట్రక్షన్లు లేని మరీ పాత ప్రాసెసర్లు అసలు బూట్ కావడం మానేశాయి. బ్యాంకు పని చేసుకునే ఇంటి కంప్యూటర్‌కి నేనైతే ఈ దారి చెప్పను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విండోస్ 10కి అప్‌డేట్లు తయారు చేయడం మైక్రోసాఫ్ట్ ఆపలేదు. సంస్థలకు మూడేళ్ల పాటు, అంటే 2028 అక్టోబరు దాకా డబ్బు తీసుకుని ఇస్తామంది. మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కి 61 డాలర్లు, తర్వాత ఏటేటా రెట్టింపు. విద్యాసంస్థలకైతే మొదటి ఏడాది ఒక్క డాలరే. ఇళ్లలో వాడేవాళ్లకి మాత్రం 2026 అక్టోబరు 13 దాకా, ఒక్క ఏడాదే అని ప్రకటించింది. దానికైనా 30 డాలర్లు కట్టాలి, లేదా వెయ్యి రివార్డ్స్ పాయింట్లు ఇవ్వాలి, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేయాలి. యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాక అక్కడివాళ్లకి బ్యాకప్ షరతు తీసేసి ఉచితంగా ఇచ్చింది.

అంటే అడిగినచోట షరతు సడలింది. ప్యాచ్ ఎలాగూ తయారవుతూనే ఉంది, ఇంటి కంప్యూటర్ దాకా రావడమే మిగిలింది. సెక్యూరిటీ ప్యాచ్ అంటే కంపెనీ అమ్మిన సరుకులో కంపెనీ చేసిన లోపాన్ని దిద్దడం. దాన్ని కొత్త వస్తువు అమ్మినట్టు అమ్మడం న్యాయం కాదని నేను నమ్ముతున్నాను. మన దగ్గర కూడా అడగాల్సిన గొంతు మీదే.

ఇది ఒక్క ఇంటి గొడవ అనుకోవద్దు. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ విరుచుకుపడినప్పుడు బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విండోస్ 7 కంప్యూటర్లు, ప్యాచ్ ఉన్నా వేసుకోనివి. 2014 ఏప్రిల్ 8నే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది. మూడేళ్ల క్రితం చేతులు దులుపుకున్న సాఫ్ట్‌వేర్‌కి ఒక్క రోజులో ప్యాచ్ బయటికి ఇవ్వగలిగినప్పుడు, ఉపద్రవం వచ్చేదాకా ఎందుకు ఆగాలి?

మంత్రి గారూ, నేను అడిగేవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, తేలికైనది ఇది: కంప్యూటర్ అమ్మే రోజే దాని సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో డబ్బా మీద, బిల్లు మీద రాయించండి. మందుబిళ్లల అట్ట మీద గడువు తేదీ లేకపోతే అమ్మనివ్వం కదా. 2020లో విండోస్ 10తో ఏడో తరం ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకి దక్కింది అయిదేళ్లే. విండోస్ 10కి పదేళ్ల మద్దతు ఇచ్చామని కంపెనీ చెప్పే లెక్క 2015 జులై నుంచి మొదలవుతుంది. కొన్నవాళ్ల లెక్క కొన్న రోజు నుంచి మొదలవుతుంది. నియమం రాసేటప్పుడు ఈ రెండో లెక్కనే పట్టుకోవాలి. ఆ మోడల్‌లో ఆఖరి కంప్యూటర్ అమ్ముడైన రోజు నుంచి గడువు లెక్కపెట్టాలి.

ఇలాంటి నియమాలు ఇతరచోట్ల ఉన్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి స్మార్ట్‌ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకాలు ఆగిన తర్వాత కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి. డిజిటల్ ఉత్పత్తులన్నిటికీ వర్తించే వాళ్ల సైబర్ చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి అమల్లోకి వస్తాయి. బ్రిటన్‌లో ఇంటర్నెట్‌కి కలిసే వస్తువులు అమ్మేవాళ్లు అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో చెప్పాలని 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం ఉంది. అయితే ఆ చట్టం మామూలు డెస్క్‌టాప్‌లను, ల్యాప్‌టాప్‌లను మినహాయించింది. దయచేసి ఆ మినహాయింపుని మాత్రం మనం తెచ్చుకోవద్దు. ఇక ఎన్నేళ్లు అంటారా, తన సిస్టమ్‌తో నడిచే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లకు పదేళ్ల ఆటోమేటిక్ అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. కాబట్టి పదేళ్లు కుదరదు అని కంపెనీలు అంటే ఒప్పుకోకండి.

రెండో విన్నపం మీ చేతిలోనే, మీ శాఖలోనే ఉన్నది. విండోస్ 11కి పనికిరాని మంచి కంప్యూటర్‌కి, విండోస్ బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ చక్కటి దారి. ఉబుంటు, లైనక్స్ మింట్ లాంటి లైనక్స్ రకాలు ఉచితం. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా అని చూసుకున్నాకే నిర్ణయించుకోవచ్చు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆ కంప్యూటర్ వేగం చూసి ఇంట్లోవాళ్లే నమ్మరు. ఫ్రాన్స్‌లో జాండార్మెరీ పోలీసు దళం ఉబుంటు ఆధారంగా చేసుకున్న సొంత సిస్టమ్‌నే ఏళ్ల తరబడి వాడుతోంది. ఇంట్లో వాడకానికి ఇది కష్టమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

చిక్కు వచ్చేది ఒక్కచోట. బ్రౌజింగ్, ఆఫీసు పనులు, వీడియో కాల్స్ అన్నీ కుదిరాక, ఒక ప్రభుత్వ ఫారం నింపాల్సి వస్తుంది. దానికో ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేయమంటారు, అది విండోస్‌లో తప్ప తెరుచుకోదు. లేదా డిజిటల్ సంతకం టోకెన్‌కి డ్రైవర్ దొరకదు. ఆ ఒక్క పని కోసం మనిషి మళ్లీ విండోస్‌కి వెళ్లిపోతాడు, అప్‌డేట్లు లేని విండోస్ 10కే వెళ్లిపోతాడు. పౌరులు తప్పనిసరిగా వాడాల్సిన ఏ ప్రభుత్వ సేవా ఒక్క కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడకూడదని ఉత్తర్వు ఇవ్వండి. బ్రౌజర్‌లో నడిచేలా చేయించండి. కొత్తగా పిలిచే టెండర్లలో ఈ షరతు పెడితే, పాతవి మెల్లిగా మార్చుకోవచ్చు.

ఊరి గ్రంథాలయాల్లో, కాలేజీల్లో నెలకోసారి అప్‌గ్రేడ్ సాయం చేసే ఏర్పాటు ఉంటే బాగుంటుంది. బ్యాకప్ తీయడం, రికవరీ కీ రాసిపెట్టడం, బయోస్ చూడటం, పెన్‌డ్రైవ్‌తో లైనక్స్ నడిపి చూపించడం, ఈ నాలుగూ చాలు. కంప్యూటర్ కోర్సుల పిల్లలు హాయిగా చేయగలరు, వాళ్లకీ పని వస్తుంది.

ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పోగుపడిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. ల్యాప్‌టాప్ వల్ల వచ్చే కాలుష్యంలో పెద్ద వాటా అది తయారయ్యేటప్పుడే వెలువడుతుంది. వాడకంలో ఉన్నదాన్ని ఇంకో అయిదేళ్లు వాడనివ్వడం కంటే మంచి రీసైక్లింగ్ నాకు తెలిసి లేదు.

గడువు తేదీ నియమం ముసాయిదా సిద్ధం చేసేటప్పుడు కంపెనీల ప్రతినిధులతో పాటు సర్వీసింగ్ చేసేవాళ్లనీ, ఇళ్లలో వాడేవాళ్లనీ కూడా పిలవండి. ఇళ్లకిచ్చిన అదనపు గడువు 2026 అక్టోబరు 13తో ముగుస్తుంది. ఆలోపే మైక్రోసాఫ్ట్‌తో మాట్లాడి, సంస్థలకు ఇస్తున్న ప్యాచ్‌లనే 2028 దాకా ఇంటి కంప్యూటర్లకూ ఏ షరతూ లేకుండా ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీసింగ్ పనిలో ఉన్న ఒక పౌరుడు