‘హౌ సూన్ ఈజ్ నౌ?’ రికార్డులకు ముందుగా డబ్బు కట్టిన మిత్రులకు

ద స్మిత్స్ రాక్ బృందం విడుదల చేసిన ‘హౌ సూన్ ఈజ్ నౌ?’ సింగిల్ (ఒక పాట ప్రధానంగా వెలువడే చిన్న రికార్డు విడుదల) కావాలని మీరు కోరిన మీదట ఇంగ్లండ్ నుంచి తెప్పించిన పాత రికార్డుల పెట్టె మా దుకాణానికి చేరింది. అయితే ఆ పాట అన్ని రికార్డుల మీదా ఒకే నిడివిలో లేదు. ఆ సంగతి మీకు చెప్పకుండా పార్సిళ్లు కట్టడం నాకు సమ్మతం కాదు.

మాంచెస్టర్‌కు చెందిన ఈ బృందం 1984 వేసవిలో లండన్‌లో ఈ పాటను రికార్డు చేసింది. వారి రికార్డులు విడుదల చేసే రఫ్ ట్రేడ్ కంపెనీ దీనిని వెంటనే సింగిల్‌గా తీసుకురాలేదు. ఆగస్టులో వచ్చిన ‘విలియమ్, ఇట్ వాజ్ రియల్లీ నథింగ్’ పన్నెండంగుళాల రికార్డు రెండో వైపున, ఆ తరువాత నవంబరులో ‘హాట్‌ఫుల్ ఆఫ్ హాలో’ సంకలనంలోనూ చేర్చింది. ఆ ఏడాది చివర బీబీసీ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమ శ్రోతలు తమ ఓట్లతో దీనికే మొదటి స్థానం ఇచ్చారు. 1985 ఆరంభంలో సింగిల్‌గా వచ్చేసరికి పాట ఎందరో అభిమానుల ఇళ్లకు చేరిపోయి ఉన్నందువల్ల కావచ్చు, బ్రిటన్ చార్టులో 24వ స్థానం దాటలేదు. ఇంతటి పాటకు అది చాలా తక్కువ స్థానమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

పూర్తి పాట 6 నిమిషాల 40 సెకన్లు దాటుతుంది. 1985 నాటి ఏడంగుళాల రికార్డులో అది నాలుగు నిమిషాలలోపే ముగుస్తుంది. బృందం గిటారిస్టు జానీ మార్ గిటారును అనేక యాంప్లిఫయర్ల గుండా పంపి, వాటి ట్రెమొలో (ధ్వని తీవ్రతను వెంటవెంటనే పెంచుతూ తగ్గించే ఏర్పాటు) వేగాన్ని ఆయనా నిర్మాత జాన్ పోర్టరూ చేతులతో సర్దుతూ, లయ తప్పినప్పుడల్లా టేపును వెనక్కి తిప్పి మళ్లీ అందుకుంటూ, కొంచెం కొంచెంగా రికార్డు చేసిన ఆ కంపనం వినేవారిని పూర్తిగా ఆవరించడానికి సమయం పడుతుంది. కోత పడినది సరిగ్గా ఆ సమయమే.

కనుక పాట కోసమే కొనేవారు ఏడంగుళాల ప్రతిని తీసుకోవద్దని నా సలహా, అది అమ్ముడుపోకపోతే నష్టం నాదే అయినా. 1985 పన్నెండంగుళాల సింగిల్‌లో పాట పూర్తిగా ఉంది, ‘హాట్‌ఫుల్ ఆఫ్ హాలో’లోనూ ఉంది. 1958 నాటి ‘డన్‌కర్క్’ సినిమాలోని నటుడు షాన్ బారెట్ ఫొటో ఉన్న కవరు మీద మక్కువతో చిన్న రికార్డు కోరే సేకర్తలకు మాత్రం అది తప్పక పంపుతాము.

ప్రతి రికార్డునూ కడిగి, మొదటి నుంచి చివరి వరకు వేసి విన్నాము. పన్నెండంగుళాల వాటిలో కొన్నింటికి కవరు అంచులు అరిగాయి, పాటల మధ్య ఖాళీలో సన్నని చిటపటలు వినిపిస్తాయి. అటువంటి వాటి ధర తగ్గించి, మిగిలిన మొత్తం మీకు తిరిగి ఇస్తాము. తపాలా ఖర్చు పెరిగినందువల్ల కొత్త ఆర్డర్లకు ధర పెంచక తప్పడం లేదు, కానీ ఇదివరకే డబ్బు కట్టినవారి నుంచి అదనంగా ఏమీ తీసుకోము. మీకు ఏ ప్రతి కావాలో, లేదా డబ్బు వాపసు కావాలో తెలియజేయండి. మీ జవాబు వచ్చేవరకు మీ పేరు మీద ఉంచిన రికార్డును వేరెవరికీ అమ్మము.